పొడి డబ్బా రాని నెలలు

నేను పనిచేసిన సంతాన నియంత్రణ క్లినిక్కులో మొత్తం నలుగురం. పిల్లలు కలగకుండా ఉండే ఉపాయం నేర్పే ఇద్దరికీ, అంటే డాక్టరమ్మకూ నాకూ, పెళ్ళే కాలేదు. తలుపు తీసి ఆడవాళ్ళను లోపలికి పిలిచే ఆయాకు తొమ్మిది కాన్పులు. మందు డబ్బాలకు జాబులు రాసి తెప్పించే గుమాస్తాకు ఏడుగురు పిల్లలు, ఎనిమిదో బిడ్డ దారిలో ఉంది. ఇంతకంటే నమ్మకంగా కనబడే ఆఫీసు మీకెక్కడైనా తగిలితే నాకొక కార్డు ముక్క రాయండి.

నర్సు చదువుకుంటున్న మీబోటి పిల్లలకు ఇదంతా నవ్వులాటగా ఉంటుంది. మీకిప్పుడు కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం బస్సుల వెనక ఉంది, గోడల మీద ఉంది, సినిమాకు ముందు తెర మీద కూడా ఉంది. మా రోజుల్లో ఆ మాట పెదవి దాటాలంటే ముందు తలుపు వేయాలి, ఆ తర్వాత కిటికీ వేయాలి. అది రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలం. బెంగళూరులో ఒక ఆడవాళ్ళ ఆసుపత్రి వెనక ఉన్న చిన్న గది మా క్లినిక్కు. మైసూరు సర్కారు దేశంలో అందరికంటే ముందే ఇట్లాంటి క్లినిక్కులు తెరిచిందని మా డాక్టరమ్మ గొప్పగా చెప్పేది. తెరవడం తెరిచారు గాని, నేరుగా మా గదికే వచ్చిన మనిషిని నేను చూసింది తక్కువ. పిల్లవాడికి దగ్గని ముందు ఆసుపత్రికి వచ్చి, అటూ ఇటూ చూసి, కొంగు ముఖం మీదికి లాక్కుని మా గదిలోకి దూరేవాళ్ళు.

మా అమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. నాన్నకు పేటలో పసుపు కుంకుమల అంగడి. నాలుగు తరాలుగా అదే వీధిలో ఉన్న కుటుంబం. కూతురు ఏ పని చేస్తున్నదో తెలిస్తే అంగడికి ముత్తైదువలు రావడం మానేస్తారని మా అమ్మకు భయం. అందుకని నేను కళ్ళ ఆసుపత్రిలో ఉన్నానని వీధంతా చెప్పింది. దాంతో ఎవరికి కన్ను ఎర్రబడినా తెల్లారేసరికి మా గుమ్మంలో నిలబడేవాళ్ళు. ఆ లెక్కన నేను రెండు ఉద్యోగాలు చేశాను.

డాక్టరమ్మది కోస్తా జిల్లా, చదివింది మద్రాసులో. ఆమె తెలుగు మాకు పుస్తకం చదివినట్టుండేది, మా తెలుగు ఆమెకు సగం కన్నడంలా వినబడేది. నవ్వగా నేను చూడలేదు. ఆమె బూట్ల చప్పుడు వరండాలో వినబడితే గుమాస్తా కూడా లేచి నిలబడేవాడు.

మేం ఇచ్చేది ముఖ్యంగా నురుగు పొడి. చిన్న స్పాంజి ముక్కను తడిపి, మీద ఆ తెల్ల పొడి చల్లి నలిపితే నురుగు వస్తుంది. దాన్ని లోపల పెట్టుకోవాలి, మర్నాడు తీసి కడిగి ఆరేసుకోవాలి. ఇంతే. దానికంటే మంచివి మీకిప్పుడు ఉన్నాయి కనుక ఇంతకు మించి చెప్పను. యుద్ధానికి ముందు రబ్బరు టోపీలు కూడా వచ్చేవట, నేను చేరేటప్పటికి రబ్బరంతా సిపాయిల వైపు వెళ్ళిపోయింది.

నేను పాఠం చెబుతుంటే ఆడవాళ్ళు నా ముఖమే చూసేవాళ్ళు గాని స్పాంజిని చూసేవాళ్ళు కారు. ఒకామె పాఠమంతా విని, "నీకెంతమంది బిడ్డలమ్మా?" అని అడిగింది.

"ఒకరూ లేరు" అన్నాను.

"యప్పా! మందు శానా బాగా పని చేస్తాండాది. నాకు రెండు డబ్బాలియ్యి" అంది.

ఇంకొకామె నెల తర్వాత వచ్చి పొడి మహా బాగుందని మెచ్చుకుంది. దాంతో వెండి కుంకుమ భరిణె తోమితే తళతళలాడిందట. అన్నట్టు, ఆమెకు మూడో నెల.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మేం మా పనిలో గొప్ప ఆరితేరినవాళ్ళమని మాకొక నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని ఒక నేతగాళ్ళ ఇంటి ముసలమ్మ ఎట్లా విప్పి ఆరేసిందో చెప్పడానికే ఈ ఉపోద్ఘాతం.

ఆ ముసలమ్మ కోడలు మా దగ్గరికి వచ్చేనాటికి ఇరవై ఆరేళ్ళది. పేటలో మగ్గాల సందులో ఇల్లు. ఐదు కాన్పులు, ముగ్గురు బిడ్డలు మిగిలారు. ఐదో కాన్పు మా ఆసుపత్రిలోనే అయింది. రక్తం కట్టక ఆ పిల్ల రెండు రోజులు చావు అంచున ఉంది. బతికి లేచి కూర్చున్నాక డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, తనకు తెలిసిన ఒకే ఒక పద్ధతిలో, అంటే ముఖం మీదే చెప్పింది.

"చూడమ్మా, ఇంకొక కాన్పు వస్తే బిడ్డ మాట ఎట్లా ఉన్నా నువ్వు మిగలవు. తెలిసిందా?"

ఆ పిల్ల తల ఊపింది. పక్కనున్న బిడ్డను దగ్గరికి లాక్కుంది. ఏడవలేదు. మా ఇద్దరికీ వయసులో రెండేళ్ళు కూడా తేడా లేదు.

నెల దాటాక ఆమె మా గదికి వచ్చింది. నేను స్పాంజి చూపించాను, పొడి డబ్బా ఇచ్చాను, మా క్లినిక్కు మొదటి సూత్రం కూడా చెప్పాను. అది డాక్టరమ్మ పెట్టిన సూత్రం: మొగుడికీ అత్తకూ తెలియకూడదు. మొగుడికి తెలిస్తే మగతనానికి తక్కువనుకుంటాడు, అత్తకు తెలిస్తే వంశానికి ద్రోహమంటుంది. మగవాళ్ళను మేం గేటు దాటి రానిచ్చేవాళ్ళమే కాము.

"ఎక్కడ దాస్తావు?" అని అడిగాను.

"కండెల బుట్టలో పెడతాను నర్సమ్మా. దారం చుట్టేది నేనే గదా, ఎవరూ చెయ్యి పెట్టరు" అంది. నాకు చాలా తెలివైన పిల్ల అనిపించింది. ఆ ఇంట్లో అత్త కూడా కండెలు చుడుతుందని నేను అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు.

రెండు నెలలు తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ఆయా పరుగున లోపలికి వచ్చింది. "నర్సమ్మా, అత్త వచ్చేసింది! చేతిలో డబ్బా ఉండాది!" అని చెప్పి, ధైర్యవంతురాలు కనుక, బీరువా వెనక్కి వెళ్ళి నిలబడింది.

ముసలమ్మ లోపలికి వచ్చింది. పొట్టి మనిషి, ముక్కున రెండు వైపులా బేసరులు, చేతి వేళ్ళ నిండా రంగు దారాల మరకలు. డబ్బా బల్ల మీద టక్కున పెట్టింది. "ఇదేమి?" అంది.

నేను "పళ్ళపొడమ్మా" అన్నాను.

"పళ్ళపొడికి స్పాంజి ఏమిటికే?"

నేను డాక్టరమ్మ వైపు చూశాను. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు, అందుకని కిటికీ లోంచి బయటికి చూస్తోంది. బీరువా వెనక నుంచి ఆయా దగ్గింది.

ముసలమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "సుమ్మనే భయపడొద్దండి. డబ్బా అయిపొయ్యింది, ఇంగొగటి ఇయ్యండి. ఆ పిల్లకు నోరు లేదు, రాడానికి సిగ్గుపడతాండాది. ఇంగమీద నేనే వస్తాను." వేళ్ళ మరకలు చూసుకుంటూ అంది: "నా కూతురు ఏడో కాన్పులో పొయ్యింది. అప్పుడు మీరు యాడుంటిరి?"

ఆ రోజు నుంచి మా సూత్రంలో సగం పోయింది. మిగిలిన సగాన్ని ముసలమ్మే గట్టిగా పట్టుకుంది. "నా కొడుకుకు మాత్రం తెలీగూడదు. మొగోడు, ఒప్పుకోడు" అంది. మేం ముగ్గురం కూడా మాటిచ్చాం. ఆ మగవాణ్ణి ఏమార్చడంలో ఇంతమందిమి ఒక్కటయ్యాం. అతన్ని మేమెవరమూ ఒక్క మాటా అడగలేదు, అది మాకు తోచనే లేదు.

ఏడాది అట్లా నడిచింది. ముసలమ్మ నెలకోసారి వచ్చేది, డబ్బా కొంగులో కట్టుకునేది, ఆయాతో కాసేపు వక్కాకు వేసుకుని వెళ్ళేది. కోడలు బాగానే ఉంది.

ఆ తర్వాత ఓడలు ఆగిపోయాయి. పొడి ఇంగ్లండు నుంచి రావాలి. గుమాస్తా జాబుల మీద జాబులు రాశాడు. ఏ వారం అడిగినా, "ఓడ బయలుదేరింది, దారిలో ఉంది" అనేవాడు. వాళ్ళింట్లో దారిలో ఉన్న ఎనిమిదోది మాత్రం సరిగ్గా వచ్చి చేరింది, ఓడ రాలేదు. చివరికి మిగిలిన రెండు డబ్బాలను పొట్లాలు కట్టి మనిషికి కాస్త చొప్పున పంచాం. ముసలమ్మ వచ్చేసరికి పొట్లాలు కూడా లేవు. ఆమెకని ఒకటి పక్కన పెట్టి ఉండాల్సింది నేను. పెట్టలేదు.

"ఎప్పుడొస్తాది?" అంది.

"యుద్ధం అయ్యాక" అన్నాను.

"యుద్ధం ఎప్పుడయితాది?"

నా ముఖం చూసి, "సరేలే, మా తిప్పలు మేము పడతాము" అని లేచి వెళ్ళింది. ఆ నడక చూస్తుంటే నాకు ఆ పిల్ల మంచం మీద తల ఊపడం కళ్ళ ముందు కదిలింది. ఇక మనసు నిలవలేదు. నాలుగు నెలలు ఏ కడుపుతో వచ్చిన మనిషిని చూసినా ఆ పిల్లే అనుకుని ఉలిక్కిపడేదాన్ని.

ఇళ్ళకు వెళ్ళి బాలింతలను చూసి రావడం కూడా నా పనిలో భాగమే. ఆ సాకుతో ఒకరోజు మగ్గాల సందులోకి వెళ్ళాను. ఆ ఇల్లు ఒకటే అంకణం, అంటే ఒక్క గది. ముందు భాగమంతా మగ్గం, గుంటలో కాళ్ళు పెట్టి కొడుకు నేస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. "నువ్వు పని చేసుకో అప్పా" అని నేను పక్క సందు గుండా వెనక్కి వెళ్ళాను. వెనక వసారాలో కోడలు చాప మీద కూర్చుని ఉంది. పక్కన విడిగా పళ్ళెం, చెంబు. బయట చేరిందన్నమాట. అప్పట్లో ఆ మూడు రోజులూ మా ఇళ్ళలో ఆడవాళ్ళను ఎవరూ తాకేవాళ్ళు కారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నెల తప్పలేదు కదా, అంతే చాలు.

పది రోజుల తర్వాత మళ్ళీ ఆ దారిన పోతూ తొంగి చూశాను. కోడలు అదే చాప మీద, అదే పళ్ళెం పక్కన పెట్టుకుని ఉంది.

"ఎన్నాళ్ళయింది నువ్వు కూర్చుని?" అన్నాను.

ఆమె తల దించుకుంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. ఆ పిల్ల పెదవులు ఎప్పుడూ తెల్లగానే ఉండేవి, కానీ ఆ క్షణంలో అది నాకు గుర్తు రాలేదు.

"ఎన్నాళ్ళు?" అని మళ్ళీ అడిగాను.

"పన్నెండు" అంది గొణుగుతూ.

లోపలి నుంచి ముసలమ్మ వచ్చింది. "ఏమ్మా, ముట్టు కాడికి వచ్చినావు, ఇంటికి పొయ్యి నీళ్ళు పోసుకో పో" అని నన్ను గుమ్మం దాకా తరిమేసింది.

నేను సగం దూరం నడిచాను, సగం దూరం పరిగెత్తాను. పన్నెండు రోజుల రక్తస్రావం. పొడి లేదు, నెల తప్పింది, ముసలమ్మ ఏ నాటు మందో మింగించింది, ఇక ఆ పిల్ల బతకదు. నా బుర్రలో మొత్తం కథ తయారైపోయింది. మీరు పుస్తకాల్లో చదువుతారు కదా, నాడి చూడాలి, ముఖం చూడాలి, నాలుగు ప్రశ్నలు అడగాలి అని. నేను ఒక్క ప్రశ్న అడిగి రోగం తేల్చేశాను.

డాక్టరమ్మ గదిలో ఉన్న ఆడవాళ్ళను రేపు రమ్మని పంపేసింది. సంచీ తీసుకుంది. జట్కా పిలిపించింది. నేనూ ఆయా వెనక ఎక్కాం. దారి పొడుగునా ఆయా తనకు తెలిసిన దేవుళ్ళందరికీ వరసగా మొక్కింది.

సందు మొదట్లో జట్కా ఆగగానే మొదటి ఇంట్లో మగ్గం చప్పుడు ఆగింది. మేం నడుస్తుంటే ఒక్కో ఇంట్లో మగ్గం ఆగుతూ వచ్చింది. మేం ఆ గుమ్మం చేరేసరికి సందంతా నిశ్శబ్దం, వెనక నలభై మంది. కొడుకు గుంటలోంచి లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు బయటికి పో" అంది వాళ్ళమ్మ.

"మీరు బయట ఉండండి" అంది డాక్టరమ్మ.

అతను తలుపు దాటి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

వసారాలో ముసలమ్మ కోడలికి అడ్డంగా చేతులు చాచింది. "ముట్టుకోగూడదు డాక్టరమ్మా, మైల."

"మైల సంగతి తర్వాత. తప్పుకో! ఎంత రక్తం పోయిందో తెలుసా నీకు? ఏం మందు ఇచ్చావు దానికి?"

"మందా? నేనేం మందిచ్చినాను?"

"అబద్ధాలు చెప్పకు. పన్నెండు రోజులట!"

అప్పుడు చాప మీద కోడలు ముఖం మోకాళ్ళలో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని నేను పక్కన కూలబడ్డాను. ఏడవడం లేదు. నవ్వుతోంది. ఊపిరాడకుండా నవ్వుతోంది.

"రక్తం లేదు, ఏమీ లేదు డాక్టరమ్మా" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మూడో దినానికే అయిపొయ్యింది. మా అత్తే లేయొద్దనింది."

డాక్టరమ్మ ముసలమ్మ వైపు తిరిగింది. ముసలమ్మ వెళ్ళి వసారా తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"పొడి లేదంటిరి. ఓడ రాదంటిరి. నేనేం జేసేది? నా చేతిలో ఉండేది ఇదొగటే. బయట చేరిన ఆడదాన్ని మొగోడు తాకడు. మూడు దినాలు పన్నెండు దినాలు చేసినాను. రోగం, తొందరగా నిలవదు అని వానికి చెప్పినాను. నాలుగు నెలలుగా ఇట్లే జరుగుతాండాది. వాడు నోరెత్తలేదు."

నాకు భూమి చీలితే దాంట్లోకి దూరాలనిపించింది. నేను ప్రాణాపాయమనుకున్నది ఆ పిల్లకు ఉన్న ఒకే ఒక రక్షణ. దాని మీదికి జట్కా ఎక్కి, డాక్టరును వెంటబెట్టుకుని, నలభై మందిని పోగేసుకుని వచ్చాను.

డాక్టరమ్మ ఏం చేసిందో తెలుసా? ఆ మైల చాప మీద, కోడలి పక్కన, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముసలమ్మ "అయ్యయ్యో" అంటున్నా వినలేదు. సంచీలోంచి కాగితం తీసి, ఏ రోజు బయట చేరింది, ఏ రోజు లోపలికి వెళ్ళింది అని ఒక్కో నెలా అడిగి రాసుకుంది. ఆ ఇంట్లో పంచాంగం అక్కర్లేదు, ముసలమ్మకు కోడలి రోజులన్నీ నోటికి వచ్చు. రాస్తూ రాస్తూ డాక్టరమ్మ ఆగిపోయింది.

"పన్నెండో రోజు తర్వాత లోపలికి పంపిస్తున్నావా?"

"పంపీక ఎట్ల?"

"అమ్మా, సరిగ్గా అపాయం ఉండే రోజులకే పంపిస్తున్నావు! నువ్వు దాచిపెట్టిన రోజుల్లో చాలావాటికి అంత భయం లేదు. తొమ్మిదో రోజు మొదలు ఇరవయ్యో రోజు దాకా దాచాలి."

ముసలమ్మ నోరు తెరుచుకుని కోడలి వైపు చూసింది. కోడలి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది, ఏదో చెప్పబోయి అత్తను చూసి ఊరుకుంది. నాలుగు నెలలు ఆ పిల్ల ఎట్లా తప్పించుకుందో డాక్టరమ్మకు అర్థం కాలేదు, అదృష్టం అంది. మీరు మాత్రం దీన్ని చదివి వేళ్ళ మీద లెక్కలు వేయకండి. ఆ లెక్క ఎంతమందిని ముంచిందో నాకు తెలుసు. ఆ రోజుకు మా చేతిలో ఇంకేమీ లేదు కనుక చెప్పాం.

"నెల నడిమధ్యన ఎట్ల బయట కూర్చోబెట్టేది?" అంది ముసలమ్మ. "సందులో ఎవరు నమ్ముతారు? పదేపదే బయట చేరితే నిజంగానే రోగమంటారు." అంతలోనే తలెత్తింది. "కోడల్ని కాదు. వాన్ని కూర్చోబెడతాను."

లేచి తలుపు బార్లా తెరిచి, సందంతా వినేటట్టు గొంతెత్తింది. "కోడలికి ఒళ్ళు బాగాలేదప్పా! మందులకు తగ్గదని డాక్టరమ్మే చెప్పింది! ఇంటి దేవుని మొక్కు మరిచిపొయ్యినాము. నా కొడుకు నెలకు పన్నెండు దినాలు దీక్ష పట్టల్ల!"

జీవితంలో గుడి మెట్టు ఎక్కని డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి, నలభై మంది ముందు, "అవును, పట్టాలి" అంది. నేను ఆమె వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అట్లా మొదలైంది ఆ దీక్ష. పసుపు పంచె, ఒక్కపూట భోజనం, అరుగు మీద పడక. తొమ్మిదో రోజు వచ్చిందంటే ముసలమ్మ చాప తెచ్చి అరుగు మీద పరిచేది. అతను పగలంతా నేసి, స్నానం చేసి, బుద్ధిగా వచ్చి పడుకునేవాడు. వాన పడితే గోనె కప్పుకునేవాడు. మూడు నెలలు తిరిగేసరికి సందులో అతని పేరు మారుమోగిపోయింది. పెద్దవాళ్ళు తమ కొడుకులకు అతన్ని చూపించి బుద్ధులు చెప్పారు. పసిబిడ్డలకు దిష్టి తగిలితే అతని చేత విభూతి పెట్టించుకునేవాళ్ళు.

ఆయా ఊరుకుంటుందా? పొడి లేక వెనక్కి పోయేవాళ్ళకు వక్కాకు చేతిలో పెట్టి, దీక్ష సంగతి చెవిలో ఊదింది. ఆ వానాకాలం పేటలో కనీసం ఐదారు ఇళ్ళలో మగవాళ్ళు అరుగులెక్కారు. ఒక ఇంట్లో పాడ్యమికి, ఇంకొక ఇంట్లో సప్తమికి, ఎవరి తిథి వారిది. ఏ పంచాంగంలోనూ లేని ఈ దీక్ష ఏ దేవుడిదో తేల్చుకోలేక గుడి అయ్యవారు తల పట్టుకున్నాడట. చివరికి మా గుమాస్తా కూడా ఒక ఉదయం పసుపు పంచెతో ఆఫీసుకు వచ్చాడు. "మా ఇంట్లో ఏమో మొక్కు ఉందంట" అన్నాడు దిగులుగా. వాళ్ళ ఎనిమిదో బిడ్డే ఆఖరిదయింది.

ఏడాది దాటాక పొడి వచ్చింది. చెక్క పెట్టె తెరిచి డబ్బాలు చూసినప్పుడు నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ముసలమ్మకు కబురు చేద్దామనుకుంటుండగానే గేటు దగ్గర ఎవరో మగమనిషి నిలబడ్డాడని ఆయా చెప్పింది. వెళ్ళి చూస్తే అతనే, ఆ కొడుకు.

"ఏమప్పా, ఇక్కడికి మగవాళ్ళు రాకూడదని తెలుసు కదా" అన్నాను.

"లోపలికి రాలేదు గదక్కా. గేటు అవతలే ఉండాను" అన్నాడు. చేతిలో గుడ్డ సంచీ నలుపుతున్నాడు. "డబ్బాలు వచ్చినాయంట గదా?"

"ఏ డబ్బాలు?"

"అవేనక్కా, పళ్ళపొడి" అన్నాడు. కళ్ళతో నవ్వుతున్నాడు.

నేను గేటు కమ్మీ పట్టుకున్నాను.

"ఒగే అంకణం ఇల్లు. ఆరుమందిమి ఉండాము. దాంట్లో ఏం దాంచినా నా కాలికే తగుల్తాదక్కా."

"అయితే నీకు మొదటి నుంచీ తెలుసా?"

"ఆ కాన్పు అయినప్పుడు డాక్టరమ్మ ఆమెకు చెప్తాంటే నేను కిటికీ అవతల నిలబడుకొని ఉంటిని. లోపలికి రానీరు గదా మీరు. ఇంగొగ కాన్పయితే మిగలదని విన్నాను." సంచీ మీదే చూపు పెట్టి చెప్పాడు. "అమ్మ పన్నెండు దినాలు బయట కూర్చోబెట్టి లోపలికి పంపిస్తాండె. అప్పుడు గూడా నేను మగ్గం కాడే పనుకుంటిని. పండగ గిరాకీ, పని ముగియలేదు అని చెప్తిని. నాలుగు నెలలు అట్లే చేసినాను."

మేం అదృష్టం అనుకున్నది ఇదన్నమాట. "ఇంత తెలిసి ఒక్క మాట చెప్పకపోయావే?" అన్నాను.

"ఎవరూ అడగలేదు గదక్కా" అన్నాడు.

అందులో నిష్ఠూరం ఏమీ లేదు, ఉన్న మాట చెప్పాడు అంతే. నాకు సిగ్గుతో ఒళ్ళంతా కాలింది. ఏడుపు కూడా వచ్చింది, గేటు ఇవతల ఉన్నాను కనుక తల తిప్పుకుని తుడుచుకున్నాను. రెండేళ్ళుగా మేం ఎవరి నుంచి ఆ పిల్లను కాపాడుతున్నామనుకున్నామో, ఆ మనిషి మా అందరికంటే ఎక్కువ కాపాడాడు.

లోపలికి వెళ్ళి రెండు డబ్బాలు తెచ్చి సంచీలో వేశాను. "ఇక దీక్ష ఆపెయ్ అప్పా. హాయిగా ఇంట్లో పడుకో."

అతను తల అడ్డంగా ఊపాడు. "పొడి ఒగోసారి తప్పుతాదంట గదా, మీ ఆయానే చెప్పింది. ఇదీ ఉండనీ, అదీ ఉండనీ. నాకు ఆమె ఉండల్లక్కా." వెళ్ళబోయి, మళ్ళీ తిరిగి సంచీ నా చేతికే ఇచ్చాడు. "సంచీ అమ్మ చేతికే ఇయ్యమని మీ ఆయాతో పంపీండి. నేను తీసకపోను. నాకు తెలుసని అమ్మకు మాత్రం చెప్పొద్దండి. కొడుకును ఏమార్చినానని మా అమ్మకు శానా సంతోషం."

డాక్టరమ్మకు చెప్పాను. విని, కలం మూత పెట్టింది. మగవాళ్ళను లోపలికి రానివ్వకూడదన్న నియమం మార్చే అధికారం ఆమెకు లేదు. మర్నాడు మాత్రం గేటు బయట ఒక బెంచీ వేయించింది. రోజూ క్లినిక్కు మూసేముందు తానే అక్కడికి వెళ్ళి, కూర్చున్నవాణ్ణి, "ఏవయ్యా, నీకేం తెలుసు, చెప్పు" అని అడిగేది. సగం మంది ఆమె గొంతు వినగానే పారిపోయేవాళ్ళు. మిగిలిన సగం మంది చెప్పింది వింటే, మేం అన్నాళ్ళు చదివింది సగమేనని తేలింది.

యుద్ధం అయిపోయిన రెండేళ్ళకు పేటలో పూల అంగళ్ళ దగ్గర ముసలమ్మ నన్ను పట్టుకుంది. బాగా వంగిపోయింది గాని గొంతు తగ్గలేదు. వెనక కోడలు పూలబుట్టతో నిలబడి ఉంది. ఒళ్ళు చేసింది, పెదవులకు రంగు వచ్చింది. ఐదో కాన్పు తర్వాత ఆమె మళ్ళీ నెల తప్పలేదు.

ముసలమ్మ నన్ను పక్కకు లాగి చెవిలో చెప్పింది. "వానికి ఈ దినం దాకా ఏమీ తెలీదు నర్సమ్మా. ఇంగా అరుగు మీదనే పనుకుంటాండాడు. ఉత్త అమాయకుడు, నా కొడుకు."

ఆమె భుజం మీదుగా చూశాను. కోడలు నవ్వు ఆపుకోలేక పూలబుట్టను ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"అవునమ్మా" అన్నాను. "ఉత్త అమాయకుడు."